ఎడమ చేతి మీటలు

సాయంత్రం ఆరున్నరకు మా ఇంట్లో రాగిజావ పొయ్యి మీదికెక్కుతుంది. సరిగ్గా అప్పుడే నా సాయంత్రం డ్యూటీ కూడా మొదలవుతుంది. "గరిటె ఆపొద్దమ్మా, ఉండ కడతాది," అని అత్త హాల్లోంచే చెప్తుంది. ఆమెకు సుగరు. పెళ్లయిన నాలుగేళ్లుగా ఈ మాట రోజూ వింటున్నాను. ఇంట్లో ఇంకెవరి చేతికీ ఆ మాట వర్తించదు.

నాది అనంతపురంలో గాలిమరల కంపెనీలో ఉద్యోగం. పగలంతా ఆఫీసు, సాయంత్రం ఇంటి నుంచి ఒక గంట. గుట్టల మీద నలభై మరలు ఉన్నాయి. ఒక్కోదానికి పొడుగాటి కమాండు ఇచ్చి, అది బాగా తిరుగుతోందో లేదో చూడాలి, తేడా ఉంటే ఆపాలి. పని జరిగేది టెర్మినల్‌లో, అంటే ఒట్టి నల్ల తెర, మౌస్‌తో అక్కడ పనేమీ జరగదు. పాత కమాండునే మళ్లీ పిలిచి, మధ్యలో ఉన్న మర నంబరు ఒక్కటి మారిస్తే చాలు. కానీ ఆ నంబరు దాకా కర్సర్‌ను ఒక్కో అక్షరమే జరుపుకుంటూ పోవాలి, జరిపే బాణం మీటలేమో కీబోర్డుకు కుడి చివర. లాప్‌టాప్ వంటగట్టు మీద, నా కుడి చేతిలో గరిటె. మొదటి నెలంతా గరిటె వదిలి బాణం, బాణం వదిలి గరిటె. ఒకరోజు జావ ఉండలు కట్టింది, కంగారులో నంబరు తప్పు కొట్టి బాగా తిరుగుతున్న మరను ఆపేశాను కూడా. "జావ కాచేది రానిదానికి కంప్యూటర్లు ఏం వస్తాయిలే," అన్నాడు మా ఆయన శశికుమార్, టీవీ మీంచి చూపు తిప్పకుండా. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా సెట్టింగ్స్ ఫైలు తెరిచి ఆరు వరుసలు రాశాను. ఎడమ బొటనవేలితో ఆల్ట్ పట్టుకుని 'ఏ' నొక్కితే కర్సర్ వరుస మొదటికి, 'ఎస్' నొక్కితే ఒక మాట వెనక్కి, 'డి' నొక్కితే ఒక మాట ముందుకు, 'ఎఫ్' నొక్కితే చివరికి. పాత కమాండు పిలవడానికో మీట, ఎంటర్‌కు బదులు ఇంకో మీట, అవీ ఎడమవైపే. ఆ సాయంత్రం నలభై మరలూ పావుగంటలో అయిపోయాయి. జావలో ఒక్క ఉండ లేదు. ఆ రోజు నన్ను చూసి నాకే ముద్దొచ్చింది.

"ఏమమ్మా కృపా, అంత బిరీన ఎట్ల ముగిస్తాండావు?" అని మా టీమ్ లీడర్ చంద్రమోహన్ అడిగితే పొంగిపోయి ఫైలు పంపాను. నాదే బుద్ధి తక్కువ. మూడో రోజుకల్లా అది పైన ఆయన పేరు పెట్టుకుని ఆఫీసులో అందరికీ వచ్చింది, నాకు కూడా. 'నా చిన్న ప్రయత్నం' అట.

నిన్న బెంగళూరు నుంచి పెద్ద మేనేజరు సరళ గారు వచ్చారు. మిగతా నాలుగు సైట్లకు ఈ పద్ధతి నేర్పే బాధ్యత ఎవరికివ్వాలో తేల్చడానికి. చంద్రమోహన్ గారు తెర మీద అన్నీ చూపించారు. ఆవిడ కాసేపు చూసి, "బాగుంది. అన్నీ ఎడమ చేతికే ఎందుకు పెట్టారు?" అని అడిగారు.

"స్పీడు కోసం మేడమ్."

"రెండు చేతులు వాడితే ఇంకా స్పీడు కదా?"

ఆయన గొంతు సవరించుకుని, "ఎడమ చేతివాటం వాళ్లుంటారని మేడమ్," అన్నారు. ఆవిడ మా వైపు చూసి ఆ చేతివాటం ఎవరికుందని అడిగారు. మా పన్నెండు మందిలో ఒక్కరూ లేరు.

నేను లేచి నిలబడ్డాను. "అది రాసింది నేను మేడమ్. నా కుడి చేతిలో గరిటె ఉంటుంది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సరళ గారు నవ్వలేదు. చంద్రమోహన్ గారిని లేవమని, ఆ కుర్చీలో నన్ను కూర్చోమన్నారు. సాయంత్రానికి ఆర్డరు చేతికొచ్చింది. నాలుగు సైట్ల వాళ్లకూ క్లాసు నేనే తీసుకోవాలి, మరల డ్యూటీ బదులు, ఇంటి నుంచే ఆన్‌లైన్లో, రోజూ ఆరున్నర నుంచి ఏడున్నర దాకా.

ఇంట్లో చెప్తే శశి మొహం చిన్నబోయింది. "మంచిదే మే. మరి అమ్మకు జావ ఎవరు గెలకాల?"

నిన్న రాత్రంతా జవాబులు వెతుక్కుంటానేమో అనుకున్నాను. హాయిగా నిద్రపోయాను.

ఇవాళ ఆరున్నరకు లాప్‌టాప్‌ను వంటగట్టు మీంచి తెచ్చి హాల్లో టేబులు మీద, టీవీకి ఎదురుగా పెట్టాను. ఫైలు తెరిచి మూడు మీటలు కుడివైపుకు మార్చాను. కుడి చేతి వేళ్లు అక్కడ కొత్తగా, కొంచెం బెరుగ్గా ఆనాయి. గరిటె తీసి శశి చేతిలో పెట్టాను.

"ఆపొద్దు," అన్నాను. "ఉండ కడతాది."