మూడో రోజు

యూనీస్‌కు అన్నింటికంటే పెద్ద భయం, మొగుడు తాగుడు మానేస్తాడేమోనని.

వింటే నవ్వొస్తుంది. నిరుడు ఈ మాట ఎవరైనా అని ఉంటే యూనీసే ముందు నవ్వేది. ఐదేళ్ల కాపురంలో ఆమె దేవుణ్ని అడిగింది ఒక్కటే, జాబెజ్ చేత ఆ ప్యాకెట్ మాన్పించమని. ఆ నడుమ కొన్నాళ్లు మాత్రం తెల్లారగానే అతను చేతుల వణుకు ఆపుకోవడానికి ప్యాకెట్ మూల కొరుకుతుంటే, రెండేళ్ల బిడ్డ షెకైనాను చంకనేసుకుని గుమ్మంలో నిలబడి, 'తాగుతున్నాడు, ఈ పూటకు బతికే ఉంటాడు' అనుకునేది.

ఈ భయం ఆమెకు జాబెజ్ తోటి పనివాడు మారన్న చావు దగ్గర పట్టుకుంది.

బళ్లారి జిల్లాలో యశ్వంతనగర్ దాటి గనుల దారిన పోతే ఎర్ర దుమ్ము పట్టిన రేకుల ఇళ్లు రెండు వరసలు కనిపిస్తాయి. కొత్త లైను అంటారు. అక్కడి మగవాళ్లంతా ఇనుపరాయి క్రషర్ దగ్గర హరిబాబు అనే కాంట్రాక్టరు కింద పనిచేస్తారు. అతన్ని ధణి అంటారు, యజమాని అని. హరిబాబు తాత కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో కోస్తా నుంచి కంప్లి పక్కకు వచ్చి వరి పండించాడు. మనవడు వరి వదిలి టిప్పర్లు పెట్టాడు. టిప్పర్ల వెనకే మనుషుల్ని కూడా తోలడం మొదలుపెట్టాడు. డబుల్ షిఫ్టుకు ఒప్పుకున్నవాడి చేతిలో హరిబాబు సూపర్‌వైజరే ప్యాకెట్ పెట్టేవాడు. పదేళ్లు అలా తాగించి పని చేయించుకున్నాక ఒక టిప్పరు లోయలో పడింది. వెంటనే గేటు దగ్గర ఊదే మిషను వచ్చింది. ఊదినప్పుడు మిషను కూత పెడితే ఆ మనిషి ఇంటికి పోవాల్సిందే.

రెండు వారాల్లో లైనులో సగం మంది ఇళ్లలో కూర్చున్నారు. అప్పుడు తప్పు చేసింది ఆడవాళ్లే.

యూనీస్ అత్త కృపమణి పాత మిషనరీల క్రైస్తవ సంఘం మనిషి. ఆ సంఘంలో పూర్వం ఒక పద్ధతి ఉండేది. తాగుబోతును గుడి పక్క గదిలో మూడు దినాలు ఉపవాసం ఉంచి, బయట సంఘమంతా కూర్చుని ప్రార్థన చేసేవారు. "మీ మామ సాలొమోను అట్లే మానినాడు. మూడు దినాలే. మళ్లీ ముట్టలేదు," అని ఆమె కొళాయి దగ్గర అందరూ వింటుండగా కోడలితో చెప్పింది. సంఘం మాట కదా అని మిగతావాళ్లు తీసిపారేయలేదు. మారన్న భార్య పాపి ఏ ఆదివారమూ గుడి మెట్టు ఎక్కినది కాదు, అయినా అందరికంటే ముందు ఆమే ఎగిరింది. "బీగమేసి కూకోబెట్టమందాం ధణిని! వీళ్లకు పెండ్లాం మాట చెవికెక్కదు, ధణి మాటైతే ఎక్కుతాది."

తొమ్మిదో తరగతిలో బడి మానేసిన యూనీస్ అర్జీ రాసింది. గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా రాసింది. మా మగవారిని మూడు దినములు గదిలో ఉంచి తాగుడు మాన్పించి పనిలో పెట్టుకోవలసినదిగా ప్రార్థన. కింద పదిహేడు వేలిముద్రలు.

హరిబాబుకు అంతకంటే ఏం కావాలి? టైర్లు వేసే రేకుల షెడ్డు ఖాళీ చేయించాడు. మొదటి విడతగా ఐదుగురిని లోపలికి పంపి తాళం వేయించాడు.

మొదటి రోజంతా కేకలు. రెండో రోజు వాంతులు. విషం దిగిపోతోందని బయట ఆడవాళ్లు సంతోషపడ్డారు. మూడో రోజు మధ్యాహ్నం పాపి గంజి తీసుకుపోయి రేకు కంతలోంచి పిలిస్తే, మారన్న ఆమెను గుర్తుపట్టలేదు.

"చీమలు! ఎక్కతాండాయి! దులపండ్రా!" అంటూ ఒంటి మీద లేని చీమల్ని దులుపుకుంటున్నాడు. ఒళ్లంతా చెమట. కళ్లు ఎటో చూస్తున్నాయి.

"నెట్టికంటప్పా, బీగం తియ్యప్పా! నా మొగునికి ఏమో అయితాండాది!"

కాపలా నెట్టికంటప్ప అరవై ఏళ్ల మనిషి. తాళంచెవి మొలతాడుకు కట్టుకుని ఉన్నాడు. "సాయంత్రం దాకా తియ్యొద్దన్నాడమ్మా ధణి. తీస్తే నా పని పోతాది. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?"

సాయంత్రం తీశాడు. అప్పటికి మారన్న మూర్ఛల్లో నాలుక కొరుక్కుని, గోడ మూల చల్లబడి ఉన్నాడు.

మిగతా నలుగురూ గోడ పట్టుకుని బయటికి వచ్చారు. లైను లైనంతా షెడ్డు ముందుకు వచ్చింది. హరిబాబు జీపు దిగాడు. శవం వైపు ఒకసారి చూసి తల ఊపాడు. "ఏం చేస్తామమ్మా. తాగి తాగి లివరు పోయుంటుంది. తాగుబోతు చావు."

పాపి లేచి నిలబడింది. ఏడుపు లేదు. "మూడు దినాలు నీ బీగం లోపల ఉన్నోడు, తాగి యెట్ల చచ్చినాడు ధణీ?"

గుంపు ముందుకు కదిలింది. హరిబాబు ఒక అడుగు వెనక్కి వేసి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "ఏంటి నా మీదకొస్తున్నారు? మీరేగా పెట్టమన్నది? ఇదిగో, పదిహేడు ముద్రలు. ఎవరు రాశారో గానీ దస్తూరీ బాగుంది."

గుంపు ఆగిపోయింది. యూనీస్ గుంపులో వెనక్కి జరిగింది. ఆ కాగితమే పోలీసులకూ చాలింది. మామూలు చావు అని రాసుకుని పోయారు.

నాలుగు రోజులకు షెకైనాకు సూది వేయించడానికి పది ఊళ్లకు ఒకటిగా ఉండే హోబ్లీ ఆస్పత్రికి పోయింది యూనీస్. నర్సు మంజుశ్రీ బిడ్డను ఒళ్లో పెట్టుకుంటూ, "నీ మొగం ఏంది ఇట్లుంది?" అంది. యూనీస్ అర్జీ సంగతితో సహా చెప్పింది. అంతా విన్న మంజుశ్రీ చేతిలోని సూది పక్కన పెట్టింది.

"నోడమ్మా, ఇట్ల చూడు, అది తాగుడుతో వచ్చిన చావు కాదు. ఒక్కసారిగా నిలపడంతో వచ్చింది. ఏండ్ల తరబడి తాగినోడి ఒళ్లు దానికి పట్టుబడిపోతాది. గబుక్కున ఆపితే తిరగబడతాది. చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి. రెండో దినమో మూడో దినమో లేనివి కనిపిస్తాయి. అప్పుడు చూసే దిక్కు లేకపోతే ప్రాణమే పోతాది."

"మందు లేదా దానికి?"

"యాక లేదు? మాత్రలుండాయి. విటమిన్ సూదులుండాయి. డాక్టర్ చేతిలో వారం దినాలుంటే శానామంది లేచి ఇంటికి పోతారు. తాగుడు కూడా జబ్బే అని, దానికి వైద్యం అడిగే హక్కు మనిషికి ఉండాదని 2017లో డిల్లీ చట్టం చేసింది. మందులు సర్కారు ఊరికే ఇయ్యాలని కూడా రాసిరి."

"ఈడ ఉండాయా?"

మంజుశ్రీ ఇనుప బీరువా తెరిచి చూపించింది. పై అరకు మానసిక ఆరోగ్యం అని చీటీ అంటించి ఉంది. అరలో పాత పోలియో బ్యానర్లు చుట్టచుట్టి పెట్టి ఉన్నాయి. "డాక్టర్ నెలకొకసారి రావల్ల. ఆరు నెల్లయింది ఆయన మొగం చూసి."

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వరండాలో మీటింగు పెట్టారు. గుడికి రాని పాపి మొదటిసారి మెట్టెక్కింది. క్రషర్ ఆపరేటర్ కొట్రేశ్ వచ్చాడు. యూనియన్ పెట్టబోయి రెండుసార్లు పని పోగొట్టుకున్న మనిషి. యూనీస్ నిలబడి నర్సు చెప్పినదంతా చెప్పింది. చివర్న పాపి వైపు తిరిగింది. "అర్జీ రాసింది నేనే. మారన్నను నేనే..."

"గమ్మునుండు," అంది పాపి. "ముద్ర నేనెయ్యలేదా?"

వెనకనుంచి ఎవరో గొణిగారు. "తాగేటోళ్లకు ఆస్పత్రి కావల్లంట! చట్టమంట! రేపు ప్యాకెట్‌కు రేషన్ కార్డు అడుగుతారు."

కొందరు నవ్వారు. కొట్రేశ్ నవ్వలేదు. "ప్యాకెట్ మన చేతిలో పెట్టింది ఎవరన్నా? డబుల్ షిఫ్టుకు తాగించినప్పుడు మనం పనోళ్లం. మిషన్ కూత పెట్టినాక తాగుబోతులం. పనోడి చెయ్యి మిషన్లో పోతే ఆస్పత్రి అడుగుతాం కదా? తల మిషన్లో పోతే యాక అడగం?"

"ప్రార్థనతో మానినోళ్లు లేరా?" అని సంఘ పెద్ద ఒకాయన లేచాడు. "కృపమణమ్మ భర్తనే తీసుకోండి..."

కృపమణి చాపమీద తలవంచుకుని కూర్చుని ఉంది. ఆమె గొంతు మొదట ఎవరికీ వినపడలేదు.

"మానినాడు," అంది. "మూడు దినాలు మానినాడు. మూడో దినమే చచ్చినాడు."

జాబెజ్ గోడకు ఆనుకుని ఉన్నవాడు ముందుకు వంగాడు. "జ్వరమంటివి కదమ్మా?"

"జ్వరమనే చెప్పిరి నాయనా. నీకప్పుడు నాలుగేండ్లు. ఈ పక్క గదిలోనే. చీమలు చీమలని అరిచినాడు. సైతాను పోతాపోతా తీసుకపోయిందిలే, ఆత్మ రక్షింపబడిందిలే అనిరి. నేనూ అట్లే నమ్మితి. ముప్పై ఏండ్లు అదే చెప్పుకుంట్ని. మొన్న పాపి మొగుడు చీమలన్నాడని ఇన్నప్పుడు..." ఆమె బైబిలు ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. "ప్రభువు మూడో దినాన లేచినాడు. మనోళ్లు మూడో దినాన పోతాండారు. అప్పుడూ డాక్టర్ లేడు, ఇప్పుడూ లేడు."

పాపి వచ్చి ఆమె పక్కన చాపమీద కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుని యూనీస్ వైపు తిరిగింది. "రాసిన చెయ్యే మళ్లీ రాయల్ల. రాయి పాప."

యూనీస్ హరిబాబుకొకటి, ఆస్పత్రికొకటి, తాలూకా ఆఫీసుకొకటి రాసింది. షెడ్డు మూసెయ్యాలి. తాగుడు జబ్బు ఉన్నవాళ్లకు ఆస్పత్రిలో పడక, మందు, డాక్టరు కావాలి. వైద్యం అయ్యేదాకా పని తీసెయ్యకూడదు. ఈసారి కింద వంద దాటాయి ముద్రలు.

హరిబాబు అది చదవకుండానే రెండో విడత పట్టిక గేటుకు అంటించాడు. మొదటి పేరు జాబెజ్‌ది. లోపలికి పోనివాడు మళ్లీ గేటు తొక్కనక్కర్లేదు.

"పోవద్దు," అంది యూనీస్. "కాళ్లు పట్టుకుంటా. తాగు. నేనే తెచ్చిస్తా. ఆ షెడ్డులోకి పోవద్దు."

జాబెజ్ షెకైనా తల నిమిరాడు. అతని వేళ్లు అప్పుడే వణుకుతున్నాయి. "పని పోతే మల్ల యాడికి పోదుమే? మా నాయనకంటే గట్టోణ్ని లే."

సోమవారం పొద్దున ఆరుగురు లోపలికి పోయారు. సోమవారం ఆస్పత్రిలో అర్జీ తీసుకునేవాడు లేడు. మంగళవారం తాలూకా ఆఫీసులో తీసుకుని, పైకి పంపుతామన్నారు. బుధవారం మూడో రోజు.

బుధవారం తెల్లవారగానే ఆడవాళ్లు మంచం ఎత్తుకుని షెడ్డుకు పోయారు. కొట్రేశ్ చేతిలో గునపం ఉంది. నెట్టికంటప్ప తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. పాపి అతని కళ్లలోకి చూస్తూ చెయ్యి చాపింది. ముసలాయన మొలతాడు తెంపి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"గునపమెందుకప్పా. ఆ పొద్దే ఇయ్యాల్సింది."

జాబెజ్ నేలమీద కూర్చుని గాల్లో లేని దారాలు లాగుతున్నాడు. యూనీస్ పిలిస్తే, "నాయనా వస్తాండా" అన్నాడు. మంచం మీద వేసి కట్టి, మోసుకుంటూ, మిగతా ఐదుగురినీ పట్టి నడిపించుకుంటూ గనుల రోడ్డెక్కారు. ఆస్పత్రికి చేరేసరికి మంజుశ్రీ గుమ్మంలో ఉంది. ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి, ఉన్న సెలైన్ పెట్టి, పాపి వైపు తిరిగింది. "డాక్టర్ లేడు. మందు బళ్లారి నుంచి రావల్ల. పై వాళ్లు రేపంటాండారు."

"రేపా?" అంది పాపి. ఆస్పత్రి ముందు రోడ్డుమీద ఇనుపరాయి టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆమె కొంగు బిగించి నడిరోడ్డుకు పోయి కూర్చుంది. ఆమె పక్కన కృపమణి. ఆ వెనక లైను మొత్తం. మొదటి టిప్పరు బ్రేకు వేసింది. గంటలో చూపు ఆనినంత దూరం బండ్లు ఆగిపోయాయి.

హరిబాబు వచ్చాడు, ఎస్సై వచ్చాడు. "కంపెనీకి ఎంత నష్టమో తెలుసా మీకు? తాగుబోతు కోసం రోడ్డాపుతారా?" అని హరిబాబు అరిచాడు.

"ఆ మిషన్ తెప్పించండ్రా," అంది పాపి. "ముందు ధణి ఊదల్ల. నిన్న కంప్లిలో పెండ్లి భోజనమంట!"

టిప్పర్ల మీది డ్రైవర్లు కూడా పగలబడి నవ్వారు. ఒకడు ఇంజను ఆపి దిగి వచ్చి ఆడవాళ్ల వెనక నిలబడ్డాడు. అతన్ని చూసి ఇంకొకడు.

లోపల జాబెజ్‌కు మొదటి మూర్ఛ వచ్చింది. యూనీస్ అతన్ని పక్కకు తిప్పి పట్టుకుంది. కిటికీలోంచి నినాదాలు వినిపిస్తుంటే ఒక్కో క్షణం లాగుతూ కూర్చుంది.

రేపు రావలసిన మందు మూడు గంటల్లో వచ్చింది. జిల్లా జీపులో డాక్టరు, డబ్బాలో మాత్రలు, సూదులు. ముప్పై ఏళ్లుగా దొరకని దారి, ఇనుపరాయి ఆగేసరికి మూడు గంటల్లో దొరికింది. సాయంత్రానికి జాబెజ్ చేతులు నిలిచాయి. మరునాడు ఆమెను పేరుపెట్టి పిలిచాడు. మిగతా ఐదుగురూ బతికారు.

రోడ్డు ఆపినందుకు పాపినీ కొట్రేశ్‌నూ ఆ బుధవారం సాయంత్రమే పోలీసు వ్యాను ఎక్కించారు. మంజుశ్రీని బదిలీ చేశారు. నెట్టికంటప్ప పని పోయింది. ఆస్పత్రిలో రెండు పడకల గది తెరిచి, ప్రతి మంగళవారం డాక్టరు వస్తాడన్నారు. రెండు మంగళవారాలు డాక్టరు వచ్చాడు. మూడో మంగళవారం రాలేదు.

వ్యాను మెట్టు మీద పాపి యూనీస్ చేతిలో సుద్దముక్క పెట్టింది. ఇప్పుడు కొత్త లైనులో ఎవడైనా తాగుడు ఆపానంటే, యూనీస్ వాడి గుమ్మం మీద ఒక గీత గీసి, ఆ పూటే ఆస్పత్రికి నడిపిస్తుంది. రెండో రోజు రెండో గీత. మూడో గీత పడిన గుమ్మం ముందు నలుగురు ఆడవాళ్లు మోసుకుపోవడానికి మంచం వేసుకుని కూర్చుంటారు, వాళ్లలో కృపమణి తప్పకుండా ఉంటుంది. వచ్చే మంగళవారం కూడా డాక్టరు రాకపోతే, రాయి మళ్లీ ఆగుతుంది. రోడ్డుమీద ముందు ఎవరు కూర్చోవాలో నిర్ణయం అయిపోయింది. షెకైనాను చూసుకుంటానని జాబెజ్ ఒప్పుకున్నాడు.

యూనీస్ భయం పోలేదు. దాన్ని లైనంతా పంచుకుంటోంది, అంతే.

ఇది చదువుతున్నవాళ్లారా, మీ వీధిలోనూ ఒకడు ఉంటాడు. మొన్ననే తాగుడు మానేశానని బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పి ఉంటాడు. ఇంట్లోవాళ్లు సంతోషంగా ఉంటారు. కాగితం పక్కన పెట్టి లేవండి. పోయి ఆ తలుపు తట్టండి. చేతులు చాపమనండి, వణుకుతున్నాయేమో చూడండి. వణుకుతుంటే రేపటిదాకా ఆగకండి.