ఎనిమిది లేని సంఖ్య

రేపల్లెలో జ్ఞానానందం మాస్టారు లెక్కలు చెప్పినన్నాళ్లూ ఏటా మొదటి పాఠం ఒక్కటే. బోర్డు మీద 12345679 అని రాసేవారు. ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసగా, ఎనిమిది ఒక్కటి వదిలేసి. దాన్ని తొమ్మిదితో గుణిస్తే అన్నీ ఒకట్లే వస్తాయి. పద్దెనిమిదితో గుణిస్తే అన్నీ రెండ్లు. "ఇది ప్రధాన సంఖ్యర్రా. ఒకటీ, తనూ తప్ప దీన్ని ఇంకేదీ భాగించదు," అని పాఠం ముగించేవారు.

ఆయన రిటైరైన ఏడు, సన్మానానికి ముందురోజు కూతురు ప్రేమకుమారి, అల్లుడు రాజారత్నం బాపట్ల నుంచి వచ్చారు. రాజారత్నం అక్కడి కాలేజీలో లెక్కల లెక్చరర్.

"రేపు మీ నాన్నగారు ఆ సంఖ్య గురించే మాట్లాడతారట," అన్నాడు పెరట్లో చేతులు కడుక్కుంటూ. "అది ప్రధాన సంఖ్య కాదు. ముప్పైయేడుతో పోతుంది."

"మా నాన్న కంటే మీకే ఎక్కువొచ్చా?"

"భాగించి చూడు."

ఆమె పాత పేపరు అంచున భాగించింది. 333667 వచ్చింది, శేషం సున్నా. మళ్లీ చేసినా సున్నాయే.

"నాన్నకి చెప్పకండి. ఈ వయసులో తట్టుకోలేరు."

"నన్నే అడిగితే?"

"ఎవరడుగుతారు? అడిగితే ఆయన మాటే నిజమనండి. మీ సొమ్మేం పోయింది?"

మర్నాడు సభలో బోర్డు మీద ఆ సంఖ్య రాసి మాస్టారే అడిగారు. "మా అల్లుడుగారు ఎమ్మెస్సీ. చెప్పండి అల్లుడుగారూ, దీన్ని ఏదైనా భాగిస్తుందా?"

రాజారత్నం భార్య వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది.

"ఏదీ భాగించదండి మామయ్యగారూ."

అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారి పాత శిష్యుడు, రాజారత్నం కాలేజీలోనే లెక్కలు చెప్పే వెంకటరత్నం మాత్రం కొట్టలేదు.

సాయంత్రం బాపట్లకి తిరిగి వెళ్లడానికి ఎక్కిన తెనాలి పాసింజరులో వెంకటరత్నం వాళ్ల ఎదుటి సీట్లోనే కూర్చున్నాడు. సాగనంపడానికి వచ్చిన మాస్టారు ప్లాట్‌ఫారం మీద కిటికీ పక్కనే ఉన్నారు. వెంకటరత్నం ఆయన్ని గమనించలేదు.

"ఏంటి రాజారత్నంగారూ, అది ముప్పైయేడుతో పోతుంది కదండీ. ఫస్టియర్ పిల్లలకి మీరే చేయించారు. మామగారి సంఖ్యయితే లెక్క మారుద్దా?"

"పొరబాటు పడ్డానండి," అన్నాడు రాజారత్నం.

నేనే అలా చెప్పమన్నానని ప్రేమకుమారి ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె కిటికీలోంచి తండ్రి వైపు చూసింది.

మాస్టారి పెదవులు కదిలాయి. ముప్పైయేడు మూళ్లు నూటపదకొండు... ఆయన ముఖం మెల్లగా పాలిపోయింది.

"మీకు ముందే తెలుసా అల్లుడుగారూ?"

రాజారత్నం సంచీ సర్దుకుంటున్నాడు. మాస్టారు కూతురి వైపు తిరిగారు.

"నీకు?"

ఆమె తలూపింది.

"నిన్న చెప్పుంటే ఇవాళ బోర్డు మీదే దిద్దుకునేవాణ్ణి కదమ్మా. దిద్దుకోవడం నాకు నామోషీ అనుకున్నావా?"

బండి కదిలింది. ఆయన చెయ్యి ఊపలేదు. లోపల రాజారత్నం వెంకటరత్నానికి ఇంకా చెబుతూనే ఉన్నాడు, తొందరలో తనకే తట్టలేదని, తప్పు తనదేనని. ప్రేమకుమారి చీర కొంగు నిండుగా కప్పుకుని, అలాగే వింటూ కూర్చుంది.