పోర్టు వెడల్పు

నాచారం పారిశ్రామికవాడలో గోడౌన్ల వెనక సందులో ఉంది ఆ షెడ్డు. బోర్డు మీద పేరు ఇప్పటికీ ఉప్పలయ్యదే, మనిషి పోయి ఐదేళ్లయినా. పాత టూ-స్ట్రోక్ ఇంజన్లలోంచి పవర్ పిండడంలో అతని తర్వాతే ఎవరైనా అని ఉప్పల్ మెకానిక్కులంతా ఒప్పుకునేవాళ్లు. ఆ పని అతను ఒక్కరికే నేర్పాడు. తమ్ముడు ప్రశాంత్‌కి కాదు, భార్య దుర్గాభవానికి. తమ్ముడికి ఓపిక లేదనేవాడు. ఆమెకు వేళ్లు సన్నం. చిన్న గ్రైండర్ పట్టుకుని సిలిండర్ లోపలికి చెయ్యి పెడితే అతనికి అందని మూల ఆమెకు అందేది.

చెప్పడానికి పని సులువే. టూ-స్ట్రోక్ సిలిండర్ గోడకు కిటికీల్లాంటి కంతలుంటాయి, పోర్టులంటారు. పొగ బయటికి పోయే పోర్టును కాస్త ఎత్తు పెంచి, కాస్త వెడల్పు చేస్తే ఇంజన్‌కి ఊపిరి ఆడుతుంది, పవర్ వస్తుంది. కాని పిస్టన్ చుట్టూ ఉండే రింగు ఆ కిటికీ మీదుగా నిమిషానికి వేలసార్లు పోయి రావాలి. కిటికీ మరీ వెడల్పయితే వేడికి రింగు అందులోకి ఉబ్బుతుంది, అంచుకు తట్టుకుని విరుగుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య.

విక్రమ్ బండికి ఆ విద్యంతా పెట్టింది దుర్గాభవాని. బండంటే బైకులా పైన కూర్చుని నడిపే నాలుగు చక్రాల రేసు బండి, రెండు సిలిండర్లది, ఎక్కడో విదేశంలో ఇరవయ్యేళ్లు తిరిగి వచ్చింది. విక్రమ్ వాళ్ల నాన్న గుంటూరు నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డ బిల్డర్. నాగారం దాటాక కీసర వైపు వెంచర్ కోసం కొన్న భూమి ఒకటి ప్లాట్లు కాకుండా పడి ఉంటే, కొడుకు అందులో మట్టి గుట్టలు పోయించి రేసు ట్రాక్ చేసుకున్నాడు. బండి అతనిదే గాని నడిపేది పాండురంగ. పగలు డెలివరీ బైకు తోలుకునే మనిషి, చిల్కానగర్‌లో దుర్గాభవాని ఇంటికి నాలుగిళ్ల అవతల తల్లి సత్తమ్మతో ఉంటాడు. నాలుగు చక్రాల మీద కూర్చుంటే మాత్రం వాడికి భయం తెలియదు.

మొదటి రేసు గెలిచిన మరుసటి రోజు విక్రమ్ స్వీట్ల డబ్బా పట్టుకుని షెడ్డుకొచ్చాడు. ప్రశాంత్ భుజం తట్టి, "నీ చేతిలో ఏదో ఉందయ్యా" అన్నాడు.

పక్కనే ఉన్న పాండురంగ నవ్వాడు. "చెయ్యి ప్రశాంత్ అన్నది గాదు సార్. లోపలున్న అక్కది. పోర్టులన్నీ ఆమెనే కోసింది."

విక్రమ్ షెడ్డులో అడ్డంగా కట్టిన తడక పక్కనుంచి తొంగి చూశాడు. నూనె మరకల చీర కొంగు నడుముకు దోపి, కళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టుకుని నిలబడి ఉంది దుర్గాభవాని.

"ఈవిడా? ముందే తెలిస్తే బండి ఇచ్చేవాణ్ణే కాదు" అన్నాడు విక్రమ్, ఆమె వినేలాగే.

"అయ్యో, వాడు ఊకెనే అంటుండు సార్" అన్నాడు ప్రశాంత్ గబగబా. "వదిన సామాన్లు కడుగుతది, గంతే. పని మొత్తం నాదే."

ఆమె ఏదైనా అంటుందేమోనని పాండురంగ చూశాడు. ఆమె కళ్లద్దాలు కిందికి దించుకుని లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రమే ప్రశాంత్ గ్రైండర్ తన బల్ల మీదికి మార్చుకున్నాడు. ఆమె కొలతల కాగితం ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. కాగితాన్ని సిలిండర్ లోపల చుట్టూ అంటించి పెన్సిల్‌తో రుద్దితే పోర్టు ఆకారం అచ్చు దిగుతుంది. ఆ అచ్చు మీద ఆమె తన చేత్తో రాసుకున్న అంకె నలభై నాలుగు. అంటే పోర్టు వెడల్పు నలభై నాలుగు మిల్లీమీటర్లు, అక్కడితో ఆగాలి.

"రేపటి సంది నువ్వు కడుగుడు సూస్కో వదినా" అన్నాడు. "కస్టమర్ల ముంగట ఇజ్జత్ పోతుంది. అన్న ఉంటే అదొక తీరు."

మూడు వారాలు ఆమె కిరోసిన్ తొట్టి ముందు కూర్చుంది. చేతులు పగిలాయి. వచ్చిన ప్రతి కస్టమర్‌కూ ప్రశాంత్ గ్రైండర్ చూపించి ఉపన్యాసం ఇచ్చేవాడు. మధ్యలో ఏదైనా ముక్క తెలియకపోతే, "వదినా, జర ఛాయ్ తే" అని ఆమెను బయటికి పంపేవాడు, తడబాటు ఆమె చూడకుండా.

ఈలోగా విక్రమ్ ఒక రేసు ఓడిపోయాడు. తిన్నటి దారిలో అవతలివాడి బండి ముందుకు పోయిందట. ఇంకా పవర్ కావాలని సిలిండర్లు విప్పించి ఇచ్చాడు. ప్రశాంత్ తలుపు దగ్గరికి వేసుకుని ఒక రోజంతా గ్రైండర్ తిప్పాడు. బుధవారం పొద్దున వాటిని కడగమని ఆమె ముందు పెట్టి తను టిఫిన్‌కి వెళ్లాడు.

మొదటి సిలిండర్ లోపల బొటనవేలు పెట్టగానే ఆమెకు తెలిసిపోయింది. కొలిచి చూసింది. నలభై తొమ్మిది. అంచులు కూడా నున్నగా దువ్వలేదు, గోటికి గీరుకుంటున్నాయి. రెండోదీ అంతే. ఇందులో రింగు ఎక్కువసేపు బతకదు. వేగం మీద ఉండగా విరిగితే ఇంజన్ బిగుసుకుంటుంది, వెనక చక్రాలు రెండూ ఒక్కసారి ఆగిపోతాయి, పైనున్న మనిషి గాల్లోకి లేస్తాడు.

ప్రశాంత్ వచ్చేసరికి సిలిండర్లు రెండూ తళతళలాడేలా కడిగి, గుడ్డ మీద బోర్లించి ఉన్నాయి.

"ఎట్లున్నది?" అని అడిగాడు. గొంతులో కొంచెం బెదురుంది. ఒక్క మాట అంటే చాలు, ఆపేసేవాడే.

"మంచిగున్నది" అంది.

తను ఏం చేస్తున్నదో ఆమెకు బాగా తెలుసు. కొత్తగా బిగించిన ఇంజన్ మీద మొదటి పరుగు ఎప్పుడూ ప్రశాంత్‌దే. నలుగురు చూస్తుండగా గోడౌన్ల వెనక రోడ్డు మీద గర్రుమనిపించుకుంటూ పోవడం అతనికి సరదా. నలుగురూ చూస్తుండగానే పడాలని ఆమె కోరుకుంది. చావాలని కాదు. పళ్లు రాలాలి, చెయ్యి విరగాలి, ఆ చేత్తో మళ్లీ గ్రైండర్ పట్టలేకపోవాలి. గురువారమంతా సామాను కడుగుతూ ఆ పడడాన్నే రకరకాలుగా ఊహించుకుంది. ఆ రోజు అన్నం కూడా రుచిగా అనిపించింది.

శుక్రవారం బండి బిగించారు. ప్రశాంత్ ఎక్కాడు. ఆమె గేటు దగ్గర నిలబడింది. బండి ముందరి చక్రాలు లేచేంత ఊపు మీద వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఏమీ కాలేదు. రోడ్డు చిన్నది. రింగు వేడెక్కేంత సేపు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కే చోటు లేదు. అతను దిగి, చెమట తుడుచుకుని, "సూసినవా వదినా, పవర్ అంటే ఇది" అన్నాడు. ఆదివారం ట్రాక్ మీద రేసుకు ముందు నాలుగు చుట్లు తనే కొట్టి చూస్తానని కూడా అన్నాడు. ఆమె ఆదివారం దాకా ఓపిక పట్టింది.

ఆదివారం సామాను పెట్టె మోసుకుని ఆమె కూడా ట్రాక్‌కి వెళ్లింది. వెళ్లేసరికే ఆలస్యమైంది. బండ్లన్నీ వరసలో నిలబడ్డాయి. ముందు చుట్లు లేవు, నేరుగా రేసే అన్నాడు విక్రమ్. పాండురంగ హెల్మెట్ పెట్టుకుంటున్నాడు.

ఆమె పెట్టె అక్కడే పడేసి పరుగెత్తింది. "ఎక్కకు పాండు. పోర్టు ఎక్కువ కోసిన్రు. రింగు ఇరుగుతది."

"ఏంటి ఇప్పుడీ పంచాయితీ?" విక్రమ్ వాచీ చూసుకున్నాడు. "ఉంటే ముందే చెప్పాల్సింది."

"మొన్న మంచిగున్నదని నువ్వే అంటివి కదా వదినా" అన్నాడు ప్రశాంత్. ముఖం పాలిపోయింది గాని అందరూ చూస్తున్నారు. "గ్రైండర్ గుంజుకున్ననని కడుపుల మంట సార్ ఆమెకు. మొన్న నేనే నడిపిన, ఏమైంది? ఏం గాలే."

పాండురంగ ఆమె వైపు చూశాడు. "కడిగింది నువ్వే కదా అక్కా?"

"నేనే. గని..."

"నీ చెయ్యి పడ్డ ఇంజన్ నన్ను ఎప్పుడన్న కింద పడేసిందా? ఫికర్ జెయ్యకు." హెల్మెట్ అద్దం కిందికి లాక్కున్నాడు.

ఆమె బండికి అడ్డం నిలబడబోయింది. ఎవరో చెయ్యి పట్టి పక్కకు లాగారు. గట్టిగా విదిలించుకుంటే వదిలేవాళ్లేమో. ఆమె విదిలించుకోలేదు.

నాలుగో చుట్టు దాకా పాండురంగ అందరికంటే ముందున్నాడు. గుట్ట మీంచి ఎగిరిన బండి నేలకు తగిలే ముందు ఇంజన్‌లో డబ్బా నలిగినట్టు చప్పుడైంది. చక్రాలు ఆగిపోయి ఉన్నాయి. బండి ముక్కు మీద దిగి, పల్టీ కొట్టి, వాడి మీద పడింది, వాడితో పాటు ఇంకో పల్టీ కొట్టింది. విక్రమ్ ముందు బండి దగ్గరికి పరుగెత్తి పెట్రోలు కట్టేశాడు. ఆ తర్వాత వాణ్ణి చూశాడు.

ఉప్పల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పాండురంగ కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. సత్తమ్మ వరండాలో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ కాలు ఎంతవరకు పోయిందో తన తొడ మీద చేత్తో చూపించేది.

ప్రశాంత్ ఊరుకోలేదు. ఫోన్‌లో ఉన్న కొలతల కాగితం ఫొటో అందరికీ పంపించాడు. "కొలత వదిన రాసిందే. సూడున్రి, ఆమె చేతి రాత" అన్నాడు. నలభై నాలుగంటే ఏమిటో చూసినవాళ్లెవరికీ తెలియదు. ఆమె రాత అయితే చాలు.

ఆరో రోజున దుర్గాభవాని తన కాగితమూ, షెడ్డుకు చేరిన బండిలోంచి విప్పిన పగిలిన సిలిండరూ సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లింది. మంచం పక్కన కూర్చుని అన్నీ చూపించింది. ఇది నేను రాసిన కొలత, ఇది వాడు కోసింది, ఐదు మిల్లీమీటర్లు తేడా. ఒకటికి రెండుసార్లు స్కేలు పెట్టి కొలిచింది. పాండురంగ తలగడ మీంచి తల కొంచెం ఎత్తి శ్రద్ధగా చూశాడు.

"నిజమే అక్కా. నీ తప్పేం లేదు ఇందుల" అన్నాడు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. అతను తల మళ్లీ తలగడ మీద ఆనించి, "నీకు ఎప్పుడు తెల్సింది?" అని అడిగాడు.

అబద్ధం చెప్పొచ్చని కూడా ఆమెకు తోచలేదు. "బుధవారం."

"బుధవారం." అతను లెక్క వేసుకున్నాడు. "ఐతారం దాన్క ఎందుకు చెప్పలే?"

ఆమె స్కేలు సంచిలో పెట్టుకుంది.

"వాడు ఎక్కుతడు అనుకున్నవా?"

తల ఊపింది. గది బయట ఎవరో చక్రాల బల్ల తోసుకుంటూ పోయారు. 

"వాడు తెల్వక జేసిండు" అన్నాడు పాండురంగ. తర్వాత ముఖం గోడ వైపు తిప్పుకుని తల్లిని పిలిచాడు. "అమ్మా, ఈమెను పొమ్మను."

సత్తమ్మకు ఏమీ అర్థం కాలేదు. అయినా లేచి తలుపు తీసి పట్టుకుంది.

ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా సత్తమ్మ ఇంటి తలుపు తెరవలేదు. చిల్కానగర్‌లో సందు ఆ చివర నుంచి ఈ చివరకు, ఆమెకు ముందే తెలుసన్న సంగతి పాకడానికి రెండు రోజులు పట్టింది. నీళ్ల ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు ఆమెకు చోటిచ్చేవాళ్లు, అవసరమైన దానికంటే ఎక్కువ చోటు.

నెల తిరిగాక విక్రమ్ షెడ్డుకొచ్చాడు. బండిలోని రెండో సిలిండర్ ఎవరికో చూపించుకుని సంగతి తెలుసుకున్నాడు. ఈసారి ప్రశాంత్ వైపు చూడకుండా నేరుగా లోపలికి వచ్చాడు.

"కొత్త సిలిండర్లు తెప్పించానండి. మీరే చెయ్యాలి. అదే పవర్ కావాలి, పగలకూడదు."

పాండురంగ ఊసు ఎత్తుతాడేమోనని ఆమె కాసేపు చూసింది. ఎత్తలేదు. కొత్తగా నడిపేవాణ్ణి దొరకబుచ్చుకున్నానని మాత్రం చెప్పాడు.

"ఐదు రోజులు పడ్తది" అంది దుర్గాభవాని.

పని అద్భుతంగా వచ్చింది. వెడల్పు కదపకుండా, ఎత్తు అర మిల్లీమీటర్ పెంచి, అంచులు వేలికి తగలనంత నున్నగా దువ్వింది. అంత మంచి పని ఉప్పలయ్య ఉండగా కూడా చేయలేదు. ఆ ఐదు రోజులూ ప్రశాంత్ ఆమె చుట్టూ తచ్చాడాడు. ఆఖరి రోజున, ఆమె చేతులు కడుక్కుంటుంటే దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఇదివరకటి గొంతు కాదు.

"వదినా, నాకు రాత్రిళ్లు నిద్ర పడ్తలేదు. నేను యాడ తప్పు జేసిన్నో జర సూపియ్యి. ఇంకో బండి నా చేతిల ఉన్నది, రేపు ఇయ్యాలె."

అతని బల్ల మీద సగం కోసిన సిలిండర్ ఉంది. ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది, అంచు దువ్వకుండా ఎంత మొరటుగా ఉందో. చూపిస్తే నేర్చుకునేలాగే ఉన్నాడు. అర గంట పని.

ఆమె చేతులు తుడుచుకుంది. సంచి భుజానికి తగిలించుకుంది.

"నాకేం తెల్సు, నేను సామాన్లు కడిగేదాన్ని" అని చెప్పి, ఉప్పల్ బస్సు కోసం మెయిన్ రోడ్డు వైపు నడిచింది.