కొండ అవతల మేకపిల్ల

జిగురు ఉడికి బుడగలు వేసేసరికి ఆమె పొయ్యి తగ్గించి, చిటికెడు మైలుతుత్తం వేసి కలిపింది. అది వేయకపోతే ఆ పిండి జిగురు పురుగులకు విందు భోజనం. గ్రంథాలయం వెనక మరమ్మతుల గదిలో ముప్పై నాలుగేళ్ళుగా ఆమె రోజు ఇలాగే మొదలవుతోంది. కిటికీ కింద పొడవాటి బల్ల, దాని మీద సూదులు, మైనం పట్టించిన దారం, మడతలు నొక్కే ఎముక బద్ద, ఓ చివర ఇనప మర బిగించిన చెక్క ప్రెస్సు. అందరూ ఆమెను జిగురమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆమే పలకదు.

పేరు జిగురమ్మే గానీ, ఆమె బాగుచేసిన పుస్తకాల్లో ఒక్క జిగురు మరక చూపించండి చూద్దాం. తడిగుడ్డకు చెయ్యి తుడుచుకోందే కాగితం ముట్టుకోదు. పెద్దవాళ్ళ పుస్తకాలను మర్యాదగా కుట్టి పంపేస్తుంది. పిల్లల పుస్తకం వచ్చిందంటే మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివాకే సూది అందుకుంటుంది.

ఈ రోజు మాత్రం ఆమె మనసు పనిలో లేదు. కారణం ఏడేళ్ళ మనవరాలు.

వాళ్ళింట్లో ఒక మేకపిల్ల పుస్తకం ఉంది. చిరిగిపోయిందని గ్రంథాలయం వాళ్ళు పారేయబోతే, ఆమె అడిగి ఇంటికి తెచ్చుకుంది. అప్పటికి కూతురు చిన్నపిల్ల. ఆ కథలో, దారి ఎక్కడ అయిపోతుందో చూద్దామని ఒక మేకపిల్ల బయలుదేరుతుంది. కనిపించినవాళ్ళనల్లా అడుగుతూ, చివరికి కొండెక్కి అవతలికి తొంగి చూస్తుంది. ‘అక్కడ’ అన్న మాటతో పేజీ అయిపోతుంది. ఆ తర్వాతి కాగితం ఎవరు చించుకుపోయారో, లేదు. జ్వరంతో మూలుగుతున్న కూతురు “అక్కడ?” అని అడిగితే, ఆమె తడుముకోకుండా లేని పేజీని చదివేసింది. “అక్కడ వాళ్ళమ్మ నిలబడి ఉంది. ఇంతసేపు ఎక్కడ తిరిగావే, కాళ్ళు నొప్పి పుట్టలేదూ అని అడిగింది.”

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆడింది బైండరు కదా, బాగానే అతికింది. కూతురు పెద్దదై, తన కూతురికీ అలాగే చదివింది. ఇన్నేళ్ళలో ఇంకో ప్రతి ఎక్కడైనా ఉందేమో వెతకాలని జిగురమ్మకు తోచలేదు. తోచలేదో, తోచనివ్వలేదో.

మనవరాలికి ఈ ఏడు చదవడం వచ్చింది. మూడు రోజుల కిందట వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. పుస్తకాన్ని తిప్పి చూసింది. అట్ట లోపల కూడా చూసింది.

“అమ్మమ్మా, మేక వాళ్ళమ్మ ఇందులో లేదు. నువ్వు అబద్ధం చెప్పావు.”

అసలుది తెచ్చేదాకా తనకు కథలే వద్దంది. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. అమ్మమ్మ నోరు తెరిస్తే చాలు, రెండు చేతులతో చెవులు మూసుకుంటోంది. చూసేవాళ్ళకు నవ్వొచ్చే సంగతే, ఆమెకు మాత్రం రాలేదు. ఒళ్ళో పడుకుని కథ వింటూ పెరిగిన పిల్ల. తన నోటి మాట ఆ పిల్లకు చేదైతే ఎలా అని ఆమె బెంగ. అందుకే చెయ్యి చాచి ఎవరినీ ఏదీ అడగని మనిషి లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి, ఆ పుస్తకం ఇంకోటి ఎక్కడైనా ఉంటే వెతికించండి బాబూ అని అడిగింది.

పదకొండు గంటలకు ఆయనే తలుపు తోసుకుని వచ్చాడు.

“ఇదిగో జిగురమ్మగారూ, మీ మేక. ముందు సగం చెదలు మేసేశాయి. వెనక భాగం బాగానే ఉంది. ఎలాగూ పారేసేదే, ఉంచేసుకోండి.”

ఆయన వెళ్ళేదాకా ఆగి, చివరి కాగితం తిప్పింది. ‘ఇంకో దారి ఉంది. మేకపిల్ల తోక ఊపుకుంటూ నడిచింది.’ అంతే. కింద బొమ్మలో వెనకనుంచి కనిపిస్తూ చిన్న మేక.

వాళ్ళమ్మ లేదు. మంచి ముగింపే. తను కల్పించినదానికంటే మంచిదేమో కూడా. ఆ మాట ఒప్పుకోవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. చెత్తబుట్ట కాళ్ళ దగ్గరే ఉంది. దాని వంక ఒకసారి చూసి, బస్టాండు టిక్కెట్ల కిటికీలో పనిచేసే కూతురికి ఫోన్ చేసింది.

“అసలు పేజీ దొరికిందే.”

అవతల ఎవరో టిక్కెట్టు కోసం అరుస్తున్నారు. కూతురు గొంతు తగ్గించి అడిగింది.

“వాళ్ళమ్మ ఉందా అందులో?”

“లేదే. ఇంకో దారి ఉందట.”

“అయితే కుట్టకు.” మళ్ళీ తనే అంది. “వద్దులే, కుట్టెయ్. దాని దగ్గర దాచడమెందుకు? కానీ నాది తీసెయ్యకమ్మా.”

నాది అంది. ఫోన్ పెట్టేశాక జిగురమ్మ కళ్ళు తుడుచుకుని, తర్వాత కళ్ళజోడు తుడుచుకుంది.

ఇంటి పుస్తకాన్ని సంచిలోంచి తీసి, పాత కుట్లు విప్పింది. చెదలు తిన్న ప్రతిలోంచి చివరి కాగితాన్ని జాగ్రత్తగా విడదీసింది. దాని వెనక నాలుగు తెల్ల కాగితాలు చేర్చింది. మొదటిదాని మీద పెన్సిలుతో ఏదో రాసింది, రెండోదాని మీద రెండే మాటలు రాసింది. పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి తిమ్మిరిగా ఉంది. విదిలించుకుంటూనే కుట్టి, పుస్తకం వీపుకు జిగురు పూసి, కొత్త అట్ట వేసి, ప్రెస్సులో పెట్టి మర బిగించింది.

నాలుగింటికి బడి నుంచి మనవరాలు వచ్చింది. కోపం ఇంకా పోలేదు కనుక దూరంగా ఉన్న స్టూలు మీద కూర్చుంది.

“దొరికిందా?”

“దొరికింది. ప్రెస్సులో ఉంది.”

“తియ్యి.”

“ఆరకముందు తీస్తే వంకరపోతుంది. రేపు పొద్దున తీద్దాం.”

పిల్ల లేచి వెళ్ళి, మర గట్టిగా ఉందో లేదో తిప్పి చూసింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

“అక్కడ ఏముంది మరి?”

“రేపు నువ్వే చదువు. నేను వింటాను.”

పిల్ల ఆలోచించింది. “నువ్వు చెవులు మూసుకోకూడదు.”

“మూసుకోను.”

ఇంటికి వెళ్ళేటప్పుడు పిల్ల తనంతట తనే ఆమె చెయ్యి పట్టుకుంది. మూడు రోజుల తర్వాత ఇదే మొదలు. రోడ్డు దాటాక కూడా వదల్లేదు.

మర్నాడు పొద్దున కూతురు కాఫీ గ్లాసుతో వచ్చి పిలిస్తే ఆమె లేవలేదు. నిద్రలోనే వెళ్ళిపోయింది.

వారం తర్వాత తల్లీ పిల్లా మరమ్మతుల గదికి వచ్చారు. ప్రెస్సును ఎవరూ ముట్టుకోలేదు. పిల్ల రెండు చేతులతో మర తిప్పింది. పుస్తకం చక్కగా వచ్చింది, ఎక్కడా వంకర లేదు. పిల్ల ఖాళీ కుర్చీ వైపు తిరిగి, మొదటి నుంచి గట్టిగా చదివింది. అక్కడ ఇంకో దారి ఉంది. మేకపిల్ల తోక ఊపుకుంటూ నడిచింది. పేజీ తిప్పితే, వంకర టింకర పెన్సిలు అక్షరాలు. ‘ఇది మీ అమ్మకు జ్వరం వచ్చినప్పుడు నేను కల్పించింది. అక్కడ వాళ్ళమ్మ నిలబడి ఉంది...’

కూతురు కిటికీ వైపు తిరిగి నిలబడింది.

“అమ్మా, రెండిట్లో ఏది నిజం?”

“రెండూ చదువు.”

పిల్ల చదివి, ఇంకో కాగితం తిప్పింది. పైన ‘ఇక్కడ నువ్వు’ అని మాత్రం ఉంది. మిగతాదంతా తెలుపు. ముప్పై నాలుగేళ్ళలో ఏ పుస్తకంలోనూ లేనిది ఆ కాగితం మూలన ఉంది. జిగురుతో పడి, ఎండి మెరుస్తున్న బొటనవేలి ముద్ర.