మాస్టారి పురుగు సీసా

నాకు కోపం ఎక్కువని నేను పనిచేసే మ్యూజియంలో అందరికీ తెలుసు. ఆ రోజు ఫిల్మ్ నగర్‌లో మాస్టారింటి మెట్లెక్కుతున్నప్పుడు మాత్రం పాట పాడుకుంటూ ఎక్కాను.

నాకు జువాలజీ చెప్పిన సత్యనారాయణమూర్తి మాస్టారు నలభై ఏళ్ల కిందట కోస్తాలో ఒక సముద్రప్పురుగును పట్టారు. కొత్త జాతి అన్నారు. పాతదేనని పెద్దలు కొట్టిపారేశారు. మళ్లీ వెతుకుదామంటే ఆ ఇసుకదిబ్బే ఇప్పుడు లేదు. అదృష్టవశాత్తూ ఆయన దాన్ని ఫార్మలిన్‌లో కాక స్పిరిట్‌లో దాచారు కాబట్టి డీఎన్‌ఏ దొరుకుతుంది. గోరంత ముక్క చాలు, ఎవరి మాట నిజమో తేలిపోతుంది.

మాస్టారికి చూపు బాగా తగ్గింది, ఆకారాలు తప్ప ఏవీ ఆనవు. తడుముకుంటూ సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. పోయిన నెల పక్కవీధి సినిమా ఆఫీసువాళ్లు ల్యాబ్ సెట్ కోసం అడిగితే ఇచ్చారట, షూటింగ్ కాగానే తిరిగొచ్చిందట. మన పురుగును తెరమీద లక్షలమంది చూస్తారమ్మా అని ఒకటే మురిసిపోయారు.

మూత తీశాను. స్పిరిట్ వాసన లేదు. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి.

మాస్టారి ఫోన్‌లో నంబరు చూసుకుని, బాల్కనీలోకి వెళ్లి తలుపు మూసి, సెట్ సామాన్లు చూసే ఓదెలుకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను గొంతు పెంచలేదు.

"లైట్ల కింద ఏం కనిపిస్తలేదన్నరు మేడం. లోపలిది కుళ్లినట్టుండె. సింకుల పారబోసి, సీసా సాఫ్‌గ కడిగిన. రబ్బరు పురుగేసి పచ్చరంగు నీళ్లు పోసిన. పెద్దసారు సామానని మంచిగ తుడిచి ఇచ్చిన."

అంత శ్రద్ధగా చేసినవాణ్ణి ఇంకేమని తిట్టను?

చెప్పేద్దామనే లోపలికొచ్చాను. అప్పటికే మాస్టారు టేబుల్ తుడిచి, నేను తెచ్చిన పట్టకారూ కత్తీ చిన్న గొట్టమూ వరసగా పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నారు. నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు.

పట్టకారుతో రబ్బరు పురుగును బయటికి తీశాను. మాస్టారు ముందుకు వంగి చెవి పెట్టారు.

"ఎక్కువ కొయ్యకమ్మా హరిణీ," అన్నారు. "ఉన్నది ఒక్కటే."

"గోరంతేనండీ మాస్టారూ," అన్నాను.

ముక్క గొట్టంలో వేశాను. ఆ పురుగుకు పెట్టాలని నలభై ఏళ్లుగా దాచుకున్న పేరును ఆయన ఒక్కో అక్షరం నెమ్మదిగా చెబుతుంటే, లేబుల్ మీద రాశాను.