కన్నులకు గంత కట్టుకొన్న ప్రయాణము

ఫాల్గుణ శుద్ధ పంచమినాఁటి ప్రాతఃకాలము. సముద్రమునుండి వీచు లేఁగాలి మామిడిపూఁత పరిమళమును మోసికొనివచ్చి కాకినాడపురమందలి మేడల కిటికీలలో నింపుచుండ, శిశిరావశిష్టమైన మంచుతెర బాలభానుకిరణస్పర్శమున మెల్లమెల్లఁగఁ దొలఁగిపోవుచుండ, విశ్రాంత తహసీలుదారైన దాశరథిరాయఁడు తన వసారాయందు దేశపటమును బఱచికొని దానిపై వంగి, సహ్యాద్రిసానువులందలి నిత్యవర్షసిక్తమహారణ్యములకుఁ బోవు మార్గమును వ్రేలితోఁ దడవుచుండెను. ఆయన వెదకుచున్న చోటి పే రింకను నెవరును జెప్పలేదు. ఆ లేమియే యాయన ప్రథమసంశయము.

సంశయించుట యాయనకు ముప్పదియేండ్ల యుద్యోగము ప్రసాదించిన రెండవ స్వభావము. గ్రామాధికారులు చూపిన సరిహద్దురాళ్లను నమ్మక తానే నడచి కొలిచి, నడచిన త్రోవయందెల్ల సున్నపుగీఁతలు గీయించి, ఆ గీఁతలనైనను మఱునాఁడు మరలవచ్చి చూచుకొనువాఁడు. పాలవాఁడు నవ్వినచోఁ బాలలో నీరున్నదనియు, నవ్వకున్నచో నంతకంటె నెక్కువ యున్నదనియు నిశ్చయించువాఁడు. ఇట్టి మహనీయుని యింటఁ బుట్టిన యాత్ర సుఖముగ సాగునని యెవరనుకొందురు?

నిజమునకు యాత్ర యాయనది గాదు, ఆయన యక్క శేషాంబది. ఆమె నలువదియేండ్లుగాఁ దన పెరటికి వచ్చిన పక్షులనెల్ల రంగులతోఁ జిత్రించి పుస్తకములు నింపినది. కడపటి పుస్తకమున నొక్క పుట మాత్రము శూన్యముగ నుండెను. చిన్ననాఁడు తండ్రివలన వినిన కొమ్ముముక్కుపక్షికై యామె దానిని విడిచినది. ఆ జాతియందు ఆఁడుపక్షి మహావృక్షపుఁ దొఱ్ఱలోఁ బ్రవేశించి, ద్వారమును మట్టితోఁ బూడ్చుకొని, ముక్కు పట్టునంత సందు మాత్రము విడిచి, గ్రుడ్లు పొదుగుచు నెలలతరబడి యందే యుండును. మగపక్షి పండ్లు తెచ్చి యా సందులోనుండి యందించును. శేషాంబ చూపు నానాఁటికి నిఱుకగుచుండెను. వచ్చు వసంతమునకు వెలుఁగైనను మిగులునని చెప్పఁజాలనని కంటివైద్యుఁడు తేల్చి చెప్పెను. చూడవలెనన్న నీ యేఁడే చూడవలెను.

కాకినాడ కలపయడితిలోఁ బదియేండ్లు పనిచేసి తెలుఁగు నేర్చి, యేటేట నీ మాసమునఁ దన కొండలకుఁ బోవు కెంచప్ప యనువాఁడు త్రోవ చూపుట కంగీకరించెను. ఆ యుదయమున వాఁడు వచ్చి వసారామెట్టుపైఁ గూర్చుండెను. కూర్చుండుటలోనే దాశరథిరాయనికి దోషము గానవచ్చెను. వాఁడు వీధివైపు మొగముంచి వచ్చిపోవువారినందఱ గమనించుచుండెను.

“ఆ పక్షి చెట్టున్న యూరి పేరేమి?” అని రాయఁడు విచారణ మొదలిడెను.

“చెప్పకూడదండి.”

“ఏ దిక్కున నున్నది?”

“అదీ చెప్పకూడదండి. నేనే ఒకమాట అడగాలి. మీ ఇంట్లో తుపాకీ ఉందాండి? చుట్టాల్లో వేటకాళ్లున్నారా? బయలుదేరే రోజు ఎవరికైనా చెప్పారా?”

దాశరథిరాయని మీసము లదరెను. తుపాకి లేని యిల్లు, తెలియరాని ప్రయాణదినము, పేరులేని యూరు! దొంగ యడుగవలసిన ప్రశ్నలలో వీఁడొక్కటియు విడువలేదుగదా యని యాయన తలపోయుచుండఁగనే కెంచప్ప తల గోఁకికొని, “ఇంకోటండి. చివరి కోసు దూరం కొత్తవాళ్ల కళ్లకు గంతలు కడతాం. అది మా తాతలనాటి కట్టుబాటు,” అనెను.

ఆ మాటతో రాయని సంశయము నిశ్చయమాయెను. అయినను అక్క మొగము చూచి యాత్ర మాన్పఁజాలక, యప్పటినుండి యాయన రెండు యాత్రల కుపాయములు పన్నెను. ఒకటి యెల్లరకుఁ దెలిసినది: దుప్పట్లు, మందులు, అటుకులు, పొగబండి వేళలు. రెండవది రహస్యము. పొడిసున్నము నింపిన సంచియొకటి కుట్టించి, దాని యడుగున సన్నని చిల్లు పొడిచి, ఉత్తరీయము క్రింద నడుమునఁ గట్టుకొని నడువఁ దలఁచెను. గంతలు కట్టినను త్రోవ తెల్లని గీఁతయై తనవెంట వచ్చును గదా!

పయనమునకు మూఁడుదినములు ముందు కెంచప్ప మూటలు చూడవచ్చెను. అత్తరుబుడ్డిని దీసి యావలఁబెట్టెను. పక్షి బెదరునని యెఱ్ఱశాలువ వలదనెను. పిమ్మట సున్నపుసంచి వాని చేతికిఁ జిక్కెను.

“ఇదెందుకండి?”

“జలగలకు,” అని రాయఁడు గంభీరముగఁ బలికెను.

“ఈ నెలలో మా అడవిలో జలగలు కనబడవండి. కనబడినా, సంచికి అడుగున చిల్లెందుకు?”

రాయఁడు తన యుద్యోగజీవితమునఁ బెక్కుమంది సంచులు సోదా చేయించెను గాని తన సంచి సోదాకుఁ జిక్కుట యదియే మొదలు. కెంచప్ప సంచిని నేలపై నుంచి మెల్లఁగాఁ జెప్పెను. “మూడేళ్ల కింద ఒక దొర ఇలాగే చెట్లకు గాట్లు పెట్టుకుంటూ వచ్చాడండి. వారం తిరక్కుండా ఆ గాట్లు పట్టుకుని వేటగాళ్లొచ్చి మగపిట్టను కొట్టారు. ఆడది సందులోంచి ముక్కు బయటపెట్టి తొమ్మిది రోజులు చూసింది. పదోనాడు ముక్కు కనబడలేదు. ఇక నేను తీసుకుపోలేనండి.”

వాఁడు మెట్లు దిగుచుండఁగా శేషాంబ గోడ తడవుకొనుచు వసారాలోనికి వచ్చెను. ఆమె యన్నియు వినెను.

“తమ్ముఁడా! వచ్చు సంవత్సరము మొదలుకొని నేను నడచు త్రోవ లన్నియు గంతలు కట్టుకొని నడచునవియే. అప్పుడు నా చేయి పట్టుకొనువాఁడవు నీవు. ఒక కోసెఁడు దూరము పరునిచేయి నమ్మఁజాలని నీవు, బ్రదికినన్నాళ్లు నీ చేయి నమ్ముమని నన్నెట్లడుగుదువు?”

దాశరథిరాయఁడు సిగ్గుపడెను. లేచి, సంచి విప్పి, సున్నమునంతయుఁ బెరటిలోఁ గ్రుమ్మరించెను. కెంచప్ప వెంటనే నమ్మలేదు. సంచిని తిరుగవేసి దులిపి చూచి, కడపట, “రండి. కాని అయ్యగారికి గంత నేనే కడతాను,” అనెను.

పొగబండి దిగి కొండలెక్కినపిదపఁ గట్టెను కూడ. ఆ మహారణ్యమున మధ్యాహ్నవేళయందును ఆకులనుండి చినుకులు జాఱుచుండ, రాయఁడు గంతల వెనుకనుండియు నడుగులు లెక్కించుట మానలేదు. పదునొకండువందల యడుగుల కడ నొక తడివేరుపైఁ గాలు జాఱఁగా, కఱకైన చేయియొకటి యాయనను గట్టిగఁ బట్టుకొనెను. లెక్క తప్పెను. ఆయన మరల మొదలిడలేదు.

గంతలు విప్పఁగనే పైనుండి, పొగబండి యావిరి విడిచినట్లు, ఱెక్కలచప్పుడు వినవచ్చెను. పసుపువన్నె కొమ్ముముక్కుతో మగపక్షి మ్రానిపై వ్రాలి, మఱ్ఱిజాతి పండ్లను ఒక్కొక్కటిగ సందుకడ నుంచెను. లోపలినుండి ముక్కుకొన మాత్రము వచ్చి యందుకొనుచుండెను. ఇచ్చునది యెవరని యది తొంగిచూడలేదు. శేషాంబ కన్నుల నీరు తుడుచుకొని, “నా చూపున కా సందు సరిగా సరిపోయినది, తమ్ముఁడా,” అనెను.

ఆ పుట నిండెను. ఆ యాత్రకుఁ బిమ్మట రెండవ శ్రావణము వచ్చునప్పటి కామె చూపు పూర్తిగ మాసిపోయెను. ఒక సాయంకాలము వాన వెలిసినపిదప దాశరథిరాయఁడు వచ్చి, “అక్కయ్యా, నడువుము,” అని చేయి చాఁచెను. ఆమె గాలిలోఁ దడవి యా చేయి యందుకొని లేచినది. ఎక్కడికని యడుగలేదు.