శేషాచలం మాస్టారి నీటిబొట్టు

నేను ఒక కాల్సైట్ స్ఫటికాన్ని. ఉసిరికాయంత ఉండేదాన్ని. అండమాన్ వైపు, మనుషులు కాపురముండని ఒక అగ్నిపర్వత దీవి అంచున, సముద్రం అడుగున నల్లరాతి పగుల్లో పుట్టాను. లావా గట్టిపడి రాయి అయ్యాక కూడా దాని కడుపులో వేడి చాలాకాలం ఉంటుంది. సముద్రపు నీరు పగుళ్లలోకి దిగి, వెచ్చబడి, రాతిలోని సున్నాన్ని కరిగించుకుని తిరిగి పైకి వచ్చేది. వస్తూ వస్తూ నన్ను కొంచెం కొంచెంగా పేర్చింది. అలా పెరుగుతుండగా ఒక బొట్టు నీరు నాలో చిక్కుకుపోయింది. మామూలు కంటికి ఆనదు. నన్ను కన్న తల్లి గుర్తుగా నా దగ్గరున్నది అదొక్కటే.

శేషాచలం మాస్టారు విశాఖలో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. యాభై ఏడేళ్ల వయసులో నడుముకి తాడు కట్టుకుని నీళ్లలో మునిగి, సుత్తితో నన్ను ఊడదీశారు. పడవెక్కగానే నాకి చూశారు. రాళ్లు చదివేవాళ్ల అలవాటది. ఇంత చదువూ చదివి చివరికి పసిపిల్లల్లా నోట్లో పెట్టుకుంటారు.

ఆ పగుళ్లలో తిరిగిన వేడినీరు సముద్రానిదేనని ఆయన వాదన. కాదు, కొండమీద కురిసి ఇంకిన వాననీరని తక్కిన పెద్దలు నవ్వారు. నాలోని బొట్టును గడ్డకట్టించి చూస్తే తేలిపోతుంది. ఉప్పునీరు గడ్డకట్టాలంటే వాననీటికంటే ఎక్కువ చలి కావాలి కదా. "ఇలాంటివి ఇంకో నాలుగు తెస్తానమ్మా, అప్పుడు నవ్వమను" అని నన్ను శిష్యురాలు హైమావతి చేతిలో పెట్టి మళ్లీ వెళ్లారు. పడవ తిరగబడింది. ఆయన దొరకలేదు.

ఏడాది పాటు హైమావతి నన్ను ముట్టుకోలేదు. చివరికి మాస్టారి వ్యాసం తానే పూర్తి చేద్దామని నన్ను కాలేజీలోనే పనిచేసే బంగారయ్యకు ఇచ్చింది. రాళ్లను వెలుతురు దూరేంత పలచగా కోసి, జిగురుతో అద్దానికి అతికించి, వేడి పెనం మీద ఆరబెట్టడం ముప్పై ఏళ్లుగా అతని పని. లోపల నీరున్న రాయికి మాత్రం వేడి తగలకూడదు. ఆ మాట చెప్పాలనే హైమావతి వచ్చింది. మాస్టారి పేరెత్తగానే ఏడుపొచ్చి, చెప్పకుండానే వెళ్లిపోయింది.

నేను పుట్టిన నీటికంటే ఆ పెనం చాలా వేడి. బొట్టు ఉబ్బి, నన్ను చీల్చుకుని ఆవిరైపోయింది. ఎంత బిగబట్టినా ఆపలేకపోయాను.

మర్నాడు సూక్ష్మదర్శినిలో ఖాళీ గుంట చూసి హైమావతి నేరుగా బంగారయ్య దగ్గరికి వెళ్లింది.

"బంగారయ్య గారూ, దీన్ని పెనం మీద పెట్టారా?"

"ఎట్టినానమ్మా. మన మాస్టారి రాయి కదా, జిగురు ఊడిపోకూడదని ఇంకో గంట ఎక్కువే ఉంచినాను" అన్నాడతను, మెచ్చుకుంటుందని.

ఆమె కళ్లు తుడుచుకుంది. "చాలా బాగా కోశారు" అంది. బంగారయ్యకు ఇప్పటికీ ఏమీ తెలియదు.

ఆ సాయంత్రమే వ్యాసంలో మాస్టారి వాదన ఉన్న పేరా కొట్టేసి, ఆధారం లేదని రాసింది. అబద్ధం రాయడం ఆయన నేర్పలేదు మరి.

ఇప్పుడు కోయగా మిగిలిన ముక్కనై కాలేజీలో అద్దాల బీరువాలో ఉన్నాను. హైమావతి రోజూ ఇటే వెళుతుంది, తల తిప్పదు. అది సముద్రపు నీరే. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఇదంతా మీకు చెప్పగలిగాను గానీ, ఆమెకు చెప్పలేకపోయాను.